పేర్లు లేని సిమిలారిటీ మ్యాట్రిక్స్ చేతికొచ్చింది, ఏ వరుస ఏ పేషెంటుదో తేల్చేదెలా?

కాకినాడ_కోడర్
మా ల్యాబులో నాకు ముందు ఈ పని చూసినాయన వేరే ఊరు వెళ్ళిపోయాడు, ప్రాజెక్టు నా నెత్తిన పడింది. రెండు ఆసుపత్రుల కిడ్నీ పేషెంట్లు, వాళ్ళ రక్తపరీక్షలు, బయాప్సీ నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్, ఈ రెండిటినీ ఎస్‌ఎన్‌ఎఫ్‌తో (వేర్వేరు రకాల డేటాని ఒక్క నెట్‌వర్క్‌గా కలిపే పద్ధతి) కలిపి పేషెంట్ సిమిలారిటీ నెట్‌వర్క్, అంటే ఏ పేషెంట్ ఎవరికి ఎంత దగ్గరో చెప్పే అల్లిక, కట్టి నాలుగు క్లస్టర్లు (గుంపులు) తీశారు. ఫోల్డర్లో క్లినికల్ ఎక్సెల్ ఒకటి, నంపై (పైథాన్‌లో అంకెల లైబ్రరీ) మ్యాట్రిక్స్ ఫైలు ఒకటి, క్లస్టర్ లేబుళ్ళ ఫైలు ఒకటి ఉన్నాయి. మ్యాట్రిక్స్ 412 బై 412. ఎక్సెల్ చూస్తే 419 వరుసలు. మ్యాట్రిక్సుకి ఐడీలు లేవు, వరుసల పేర్లు లేవు, ఉత్త అంకెలు. ఫోన్ చేస్తే ఆయన "ఎక్సెల్ ఆర్డరే కదా, ఓ ఏడుగురిని తీసేశాం అంతే" అన్నాడు, ఏ ఏడుగురో గుర్తులేదట. పైగా ఆ ఎక్సెల్‌ని తర్వాతెప్పుడో ఎవరో పేరు ప్రకారం సార్ట్ చేసి సేవ్ చేసినట్టున్నారు. వచ్చే వారం నెఫ్రాలజీ డాక్టర్ గారికి "మూడో క్లస్టర్లో వాళ్ళకి కిడ్నీ త్వరగా పాడవుతోంది" అని చూపించాలట. ఏ వరుస ఎవరిదో తేల్చే దారి ఉందా, లేక మొత్తం మొదట్నించీ కట్టుకోవాలా?

బయో_భారతి
ముందు ఆ మీటింగ్ వాయిదా వేయించు. ఎవరి వరుసో తెలియని మ్యాట్రిక్సుతో సర్వైవల్ కర్వ్ (ఎన్నాళ్ళకి ఎంతమందికి కిడ్నీ పాడయిందో చూపే గీత) గీస్తే అది ఎవరి జబ్బు గురించీ చెప్పదు. డాక్టర్ గారు ఒకసారి నమ్మారంటే ఆ మాట ఓపీలోకి వెళ్ళిపోతుంది, తర్వాత వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

పైథాన్_పాపారావు
జరిగింది ఏంటో చూడక్కర్లేకుండానే చెప్పొచ్చు. పాండాస్‌లో (పైథాన్‌లో టేబుళ్ళ లైబ్రరీ) డేటాఫ్రేమ్, అంటే టేబుల్, ఉన్నంతసేపు ఇండెక్స్‌లో ఐడీలు ఉంటాయి, డాట్ వాల్యూస్ అని కొట్టగానే ఐడీలు ఊడిపోయి అంకెలు మిగులుతాయి, దాన్ని ఎన్‌పీవైగా (నంపై ఫైలుగా) సేవ్ చేశారు. లెక్కకి అంకెలే కావాలి కాబట్టి ఆ స్టెప్పు తప్పదు, కానీ పక్కనే ఐడీల లిస్టు ఇంకో ఫైలుగా దాచాలి. అది ఒక్క లైను కోడు. ఆ ఒక్క లైను రాయలేదు.

వరంగల్_స్టాట్
తమ్మీ పరేషాన్ గాకు, రా డేటా ఉన్నదా లేదా ముందు గది చెప్పు. ఉన్నదంటే దొరకవట్టొచ్చు. ఎట్లనంటే, మ్యాట్రిక్సుల ఏ వరుసనైనా తీస్కొని అందులున్న విలువలన్నీ చిన్నదాన్నుంచి పెద్దదానికి పేర్చు. పేషెంట్ల ఆర్డర్ ఎట్ల మారినా ఆ పేర్చిన వరుస మారది, ఎందుకంటే ఒక మనిషికి మిగతా అందరితోని ఉన్న దూరాలు అవే కదా, చోటు మారుతది గంతే. ఇప్పుడు రా డేటా నుంచి మళ్ళ మ్యాట్రిక్స్ కట్టి, దాన్ల వరుసల్ని గూడ గట్లనే పేర్చి, పాతదాని వరుసకు కొత్తదాని వరుసకు జత కుదిరిందా చూడు. కుదిరితే పేరు దొరికినట్టే.

టొరంటో_తెలుగోడు
వరంగల్ అన్న చెప్పింది కరెక్టే కానీ ఎస్‌ఎన్‌ఎఫ్ చేసేశాక వచ్చిన మ్యాట్రిక్సుకి అది నేరుగా పనిచేయదు. ఎస్‌ఎన్‌ఎఫ్‌లో ఇద్దరి మధ్య సిమిలారిటీ ఆ ఇద్దరి మీదే ఆధారపడదు. స్కేలింగ్‌లో మూడు అంకెల సగటు వాడతారు: మొదటివాడికి వాడి దగ్గరి పొరుగువాళ్ళతో సగటు దూరం, రెండోవాడికి వాడి పొరుగువాళ్ళతో సగటు దూరం, ఈ ఇద్దరి మధ్య దూరం. ఆ తర్వాత ఒక నెట్‌వర్క్ సమాచారాన్ని ఇంకోదానిలోకి చాలాసార్లు తిప్పుతారు, ఎస్‌ఎన్‌ఎఫ్‌టూల్ అనే ఆర్ ప్యాకేజీ ఉదాహరణల్లో 20 సార్లు. అందుకని 419 మందితో కట్టినదానికీ 412 మందితో కట్టినదానికీ అంకెలు కలవవు, ఆ ఏడుగురెవరో తెలిస్తే గానీ జత కుదరదు. మధ్యలో సేవ్ చేసిన డిస్టెన్స్ ఫైలు ఏదైనా ఉందేమో వెతుకు, అదైతే ఇద్దరి మధ్య దూరం ఇద్దరిదే.

గుంటూరు_గణితం
@టొరంటో_తెలుగోడు అదీ అన్ని వేళలా కాదండీ. డిస్టెన్స్‌కి ముందు జడ్-స్కోర్ (సగటు తీసేసి స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించడం) చేసుంటే సగటు, స్టాండర్డ్ డీవియేషన్ రెండూ ఉన్న మందిని బట్టి మారతాయి, ఎక్కువ తేడా ఉన్న జీన్లే ఏరుకుని ఉంటే ఆ ఏరుకోవడం కూడా మారుతుంది. లాగ్ సీపీఎం (పది లక్షల రీడ్లకి ఎన్ని అన్న లెక్కకి లాగ్) మీద అన్ని జీన్లతో నేరుగా యూక్లిడియన్ దూరం, అంటే మామూలు సరళరేఖ దూరం, తీసుంటే మాత్రం ఎవరు ఉన్నా పోయినా ఇద్దరి మధ్య దూరం అదే.

కాకినాడ_కోడర్
రా డేటా ఉందండీ. పాత ఫోల్డర్లో వెతికితే ఆర్‌ఎన్‌ఏ డిస్టెన్స్ అని ఇంకో ఎన్‌పీవై కూడా దొరికింది, అదీ 412 బై 412, అదీ పేర్లు లేకుండానే. ఏ నార్మలైజేషన్ చేశారో కోడు చూసి చెప్తా.

చిత్తూరు_చిన్నోడు
పేర్లు లేని మ్యాట్రిక్సుకి తోడు దొరికింది, పెళ్ళి చేసేయండి 😄

బయో_భారతి
@చిత్తూరు_చిన్నోడు నువ్వు కాసేపాగు. @కాకినాడ_కోడర్ నా మాట విను, తవ్వకాలు మానేసి మళ్ళీ కట్టుకో. రా డేటా ఉందన్నావు, 400 మందికి ఎస్‌ఎన్‌ఎఫ్ ల్యాప్‌టాప్‌లో నిమిషాల పని. నెట్‌వర్క్ అనేది రికార్డు కాదు, రికార్డుల్లోంచి వచ్చిన లెక్క. లెక్క పోతే మళ్ళీ వేసుకోవచ్చు.

వరంగల్_స్టాట్
@బయో_భారతి గట్ల కాదక్కా. మళ్ళ కట్టుడు ఎట్లాగూ తప్పది, ఒప్పుకుంట. కానీ పాతదాని మీద ఇప్పటికే ఒక రిజల్టు చెప్పిన్రు, మూడో క్లస్టర్ అని. కొత్తది వేరే తీరుగ వస్తే రేపు డాక్టర్ గారు అడుగుతడు, అప్పుడట్ల చెప్పిన్రు ఇప్పుడిట్ల చెప్తున్రు ఏది నిజం అని. పాత మ్యాట్రిక్స్ ఏ ఆర్డర్‌ల ఉన్నదో తేలితేనే తేడా ఎక్కడొచ్చిందో చెప్పగల్గుతం. లేకుంటే ఊకె నోరు మూస్కొని నిలబడాలె.

బయో_భారతి
హ్మ్, ఆ మాట సరే. రెండూ చెయ్యాలి అయితే.

ఆర్_రమణి
నాకు ఆర్ అలవాటు, అక్కడ జరిగేవి రెండు చెప్తా. ఒకటి, ఎస్‌ఎన్‌ఎఫ్‌టూల్‌కి ఇచ్చిన మ్యాట్రిక్సుల పేర్లు ఒకదానితో ఒకటి కలవకపోతే అది లెక్క ఆపదు, ఒక వార్నింగ్ ఇచ్చి పేర్లు లేని మ్యాట్రిక్స్ చేతిలో పెడుతుంది. వార్నింగులు చదివే అలవాటు ఎంతమందికి ఉంది చెప్పండి. అంటే ఆర్‌ఎన్‌ఏలో మొదటి వరుస రాములుది, ల్యాబ్ రిపోర్టుల్లో మొదటి వరుస సీతమ్మది అయినా అది ఇద్దర్నీ ఒక్క మనిషి అనుకుని కలిపేస్తుంది, క్లస్టర్లు కూడా చక్కగా వస్తాయి, చూడ్డానికి ఏ లోపమూ కనిపించదు. రెండోది రీడ్ టేబుల్. కాలమ్ పేర్లలో హైఫన్ ఉంటే చెక్ నేమ్స్ డీఫాల్టుగా దాన్ని చుక్కగా మార్చేస్తుంది. టీసీజీఏ (అమెరికా వాళ్ళ క్యాన్సర్ జీనోమ్ ప్రాజెక్టు) డేటాలో పేషెంట్ ఐడీల నిండా హైఫన్లే, ఒక ఫైల్లో హైఫన్ ఇంకో ఫైల్లో చుక్క, మ్యాచ్ కొడితే ఒక్కటీ కలవదు. ఒక్కటీ కలవకపోతే కనీసం తెలుస్తుంది, అసలు భయం సగం కలిసినప్పుడు.

పైథాన్_పాపారావు
సగం కలిసేదానికి ఇంకో కారణం సార్టింగ్. పైథాన్ అక్షరాల కోడ్ నంబర్ ప్రకారం సార్ట్ చేస్తుంది, ఆర్ ఏమో మెషీన్ లొకేల్ ప్రకారం చేస్తుంది. ఐడీల్లో పెద్దబడి చిన్నబడి అక్షరాలు కలిసి ఉంటే రెండు చోట్లా "సార్ట్ చేశాను" అన్నా ఆర్డర్ ఒకటి కాదు. డేటాబేస్ నుంచి ఆర్డర్ బై లేకుండా సెలెక్ట్ కొట్టి తెచ్చినా అంతే, ఇవాళ వచ్చిన ఆర్డరే రేపూ వస్తుందని పోస్ట్‌గ్రెస్ ఎప్పుడూ మాటివ్వదు.

నెల్లూరు_నెట్
టీసీజీఏ మాట వచ్చింది కాబట్టి, అక్కడ అందరూ పడే గొయ్యి ఇంకోటుంది. బార్‌కోడ్‌లో మొదటి 12 అక్షరాలు పేషెంటువి, ఆ తర్వాత వచ్చే రెండంకెలు శాంపిల్ రకం, 01 అంటే మొదటి ట్యూమర్, 06 అంటే మెటాస్టాసిస్, 11 అంటే పక్కనున్న మామూలు కణజాలం. ఆర్‌ఎన్‌ఏ, మిథైలేషన్, మైక్రో ఆర్‌ఎన్‌ఏ మూడూ కలపాలంటే పూర్తి బార్‌కోడ్ కలవదు, ఎందుకంటే చివర్లో ప్లేట్ నంబర్ వేరుగా ఉంటుంది. అందుకని జనం 12 దగ్గర కత్తిరిస్తారు. కత్తిరించగానే ఒకే మనిషి ట్యూమరూ మామూలు కణజాలమూ ఒకే ఐడీ కిందకి వస్తాయి. బ్రెస్ట్ క్యాన్సర్ డేటాలో అలాంటి మామూలు శాంపిళ్ళు వందకు పైనే. మ్యాచ్ ఫంక్షన్ మొదట దొరికినదాన్ని తీసుకుంటుంది, అది ట్యూమరో కాదో ఫైల్ ఆర్డర్ నిర్ణయిస్తుంది. ముందు శాంపిల్ రకం చూసి 01 మాత్రమే ఉంచుకుని, ఆ తర్వాతే కత్తిరించాలి.

ఇంకో టెస్టు కూడా చెప్తా, నాకు చాలా ఇష్టం ఇది. బ్రెస్ట్ క్యాన్సర్ క్లినికల్ టేబుల్లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ నెగటివ్ అని పాథాలజిస్టు రాసినది ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ డేటాలో ఆ రిసెప్టర్ జీన్ ఈఎస్ఆర్1 ఎంత ఉందో ఉంటుంది. రెండూ ఒకే బాక్స్ ప్లాట్‌లో వెయ్యండి. వరుసలు సరిగ్గా ఉంటే పాజిటివ్ వాళ్ళ డబ్బా పైన, నెగటివ్ వాళ్ళ డబ్బా కింద, కంటికి కనిపించేంత ఎడంగా ఉంటాయి. వరుసలు చెదిరితే రెండు డబ్బాలూ ఒకే ఎత్తులో పక్కపక్కన కూర్చుంటాయి. ఏ గణితమూ అక్కర్లేదు.

కాకినాడ_కోడర్
నావి కిడ్నీ పేషెంట్లండీ, ఈఎస్ఆర్1 లాంటిది నాకేముంది?

నెల్లూరు_నెట్
ఆడ మగ ఉంది కదా. ఎక్స్‌ఐఎస్‌టీ ఆడవాళ్ళలో బాగా ఉంటుంది, మగవాళ్ళలో దాదాపు ఉండదు. ఆర్‌పీఎస్4వై1 వై క్రోమోజోమ్ మీద ఉంది, అది మగవాళ్ళలో. ఈ రెండు జీన్లు వేసి క్లినికల్ టేబుల్లో జెండర్ కాలమ్ రంగు పూస్తే తప్పు జత పడినవాళ్ళు వేరే గుంపులో రంగు మారి కనిపిస్తారు. కెనడా వాళ్ళు 2016లో ఇదే పద్ధతితో బయటపెట్టి ఉన్న 70 డేటాసెట్లు చూస్తే 32 డేటాసెట్లలో కనీసం ఒక్క శాంపిలైనా తప్పు లేబుల్‌తో కనిపించింది. అందులోనూ ఆడకి ఆడ, మగకి మగ మారిపోతే ఈ టెస్టుకి దొరకదు, అంటే అసలు సంఖ్య ఇంకా ఎక్కువే.

విశాఖ_విక్కీ
70లో 32 ఆ 😳 నేను రేపే నా డేటా మీద వేస్తా

ఎంఆర్‌డీ_మాధవి
నేను కోడ్ రాసేదాన్ని కాదు, ఒక కార్పొరేట్ ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్‌లో పనిచేస్తాను. మీరంతా ఫైలు చేతికొచ్చాక జరిగేది చెప్తున్నారు, కౌంటర్ దగ్గర జరిగేది నేను చెప్తా. ఒక మనిషికి ఒకే యూహెచ్‌ఐడీ (ఆసుపత్రి ఇచ్చే పేషెంట్ నంబర్) ఉండాలి, కానీ ఉండదు. ఓపీ చీటీ మర్చిపోయి వస్తారు, వెనక క్యూ ఉంటుంది, రిసెప్షన్‌లో అమ్మాయి కొత్తది తీసేస్తుంది. ఇంటిపేరు ఒకసారి ముందు పడుతుంది, ఒకసారి చివర పడుతుంది, ఒకసారి ఒక్క అక్షరం చుక్క పెట్టి వదిలేస్తారు. లక్ష్మి అనే పేరుని ఇంగ్లీషులో ఒకరు ఎక్స్‌తో కొడతారు, ఒకరు కేఎస్‌హెచ్‌తో కొడతారు. ఆడవాళ్ళకి పెళ్ళికి ముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు. పుట్టిన తేదీ అడిగితే పెద్దవాళ్ళు "నలభై అయిదు ఉంటాయమ్మా" అంటారు, సాఫ్ట్‌వేర్‌కి తేదీ కావాలి కాబట్టి జనవరి 1 పడిపోతుంది. ఫోన్ నంబరైతే ఇంటిల్లిపాదికీ కొడుకు నంబరే. కాబట్టి పేరు, వయసు, ఫోను కలిసాయి కదా అని ఇద్దర్ని ఒకరిగా చేసేయకండి, తల్లీకూతుళ్ళని కలిపేసిన కేసులు మా దగ్గరకి వచ్చాయి. కలవలేదు కదా అని వేరు మనుషులూ అనుకోకండి. ఎక్సెల్లో ఏది చూసినా చివరికి కేస్ షీట్ తీసి చూడాల్సిందే.

వరంగల్_స్టాట్
మాధవి గారు, ఈ పోస్టు ఫోటో తీసి మా ల్యాబ్ గోడకు అతికిస్త. రెండు రికార్డులైన ఒక్క మనిషి సిమిలారిటీ నెట్‌వర్క్‌ల ఏమైతడో అందరు జర ఆలోచించుండ్రి. ఆయనకు ఆయనే అందరికన్న దగ్గరి పొరుగు అయితడు. పది మంది పొరుగువాళ్ళను తీస్కునే దగ్గర ఒక చోటు ఆయన నీడకే పోతది. ఇంకా ఘోరమేందంటే, ట్రెయినింగ్‌ల ఒక రికార్డు, టెస్టుల ఒక రికార్డు పడిందనుకో, మోడల్ టెస్టుల ఉన్నోని జవాబు ట్రెయినింగ్‌లనే చూసేసింది. యాక్యురసీ చూసి సంబరపడ్తరు, కొత్త ఆసుపత్రికి తీస్కపోతే మొహం చెల్లది.

హైదరాబాదీ_హేమ
ఇప్పుడు ఆభా నంబర్ (ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఐడీ) ఉంది కదా, 14 అంకెలు, అందరికీ అదే పెడితే ఈ గోల పోతుందిగా?

ఎంఆర్‌డీ_మాధవి
2021 సెప్టెంబర్లో దేశమంతా మొదలైంది, మంచిదే, కానీ అందరూ తీసుకోలేదు, తీసుకున్నవాళ్ళందరూ కౌంటర్లో చెప్పరు, పాత రికార్డులకి తగిలించినవి తక్కువ. కొందరికి రెండు ఆభాలు కూడా కనిపిస్తున్నాయి.

గుంటూరు_గణితం
దయచేసి ఆభా నంబర్ని నెట్‌వర్క్‌లో నోడ్ (ఒక పేషెంట్‌ని చూపే చుక్క) పేరుగా పెట్టకండి. స్టడీకి వేరే ఐడీ ఇచ్చి, ఏ ఐడీ ఎవరిదో చెప్పే టేబుల్ ఆసుపత్రిలోనే తాళంలో ఉంచాలి. ఫోన్ నంబర్ని హాష్ చేశాం (ఫార్ములాతో వేరే కోడుగా మార్చాం) కాబట్టి సేఫ్ అనేవాళ్ళకి కూడా ఒక మాట, పదంకెల నంబర్లన్నీ వరసగా హాష్ చేసి పోల్చి చూడ్డం ఇప్పటి కంప్యూటర్‌కి పెద్ద పనే కాదు. రహస్య కీ కలపకుండా చేసిన హాష్ దాచింది ఏమీ లేదు.

పైథాన్_పాపారావు
14 అంకెలనగానే ఎక్సెల్ గుర్తొచ్చింది. 11 అంకెలు దాటితే మామూలు సెల్‌లో 9.12ఈ+13 లాగ చూపిస్తుంది, అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫైల్లోకి ఆ చూపించినదే వెళ్తుంది, మిగతా అంకెలు పోయినట్టే. 15 దాటిన బార్‌కోడ్ అయితే సేవ్ కూడా అక్కర్లేదు, టైప్ చేయగానే ఆ తర్వాతవన్నీ సున్నాలు. ముందు సున్నాలున్న ఐడీ 00123 అయితే 123 అవుతుంది. ఐడీ కాలమ్ ఎప్పుడూ టెక్స్ట్‌గా తెరవాలి, పాండాస్‌లో అయితే డీటైప్ స్ట్రింగ్ అని చెప్పాలి. జీన్ల పేర్లు తేదీలైపోతున్నాయని 2020లో జీన్లకే పేర్లు మార్చారు, సెప్ట్2 కాస్తా సెప్టిన్2 అయింది. మన పేషెంట్లకి అలా పేర్లు మార్చలేం.

లీడ్స్_లలిత
రెండు ఆసుపత్రులు అన్నారు కదా, యూనిట్లు చూశారా? ఇక్కడ యూకేలో క్రియాటినిన్ మైక్రోమోల్ పర్ లీటర్‌లో వస్తుంది, ఇండియాలో ఎక్కువగా మిల్లీగ్రామ్ పర్ డెసిలీటర్. 1 అక్కడ 88.4 ఇక్కడ. మీకు రెండూ ఇండియా ఆసుపత్రులే అనుకుంటా కానీ యూరిన్ అల్బుమిన్ ఒక ల్యాబ్ క్రియాటినిన్‌తో భాగించి ఇస్తుంది, ఒక ల్యాబ్ లీటరుకి ఇంత అని ఇస్తుంది. సరిచేయకుండా నెట్‌వర్క్ కడితే వచ్చే క్లస్టర్లు జబ్బువి కావు, ఆసుపత్రులవి. మీ మూడో క్లస్టర్లో రెండు ఆసుపత్రుల వాళ్ళూ ఉన్నారా?

ఇంకోటి. నేను యూకే బయోబ్యాంక్ డేటా మీద పనిచేస్తా. సుమారు 5 లక్షల మంది, 2006 నుంచి 2010 దాకా చేరినవాళ్ళు. వాళ్ళలో కొందరు తర్వాత మేం తప్పుకుంటాం అంటారు, ఆ ఐడీల లిస్టు మాకు పంపుతారు, ఇకమీదట చేసే ఏ అనాలిసిస్‌లోనూ వాళ్ళు ఉండకూడదు. టేబుల్ నుంచి తీయడం సులువే. నెట్‌వర్క్‌లో ఏం చేస్తారు మీరంతా? నోడ్ తీసేస్తే సరిపోతుందా?

టొరంటో_తెలుగోడు
@లీడ్స్_లలిత సరిపోదు. పైన చెప్పిన కారణమే, ఆ మనిషి పొరుగువాళ్ళ స్కేలింగ్‌లో ఉన్నాడు, ఫ్యూజన్‌లో ఆయన మీదుగా సమాచారం అవతలివాళ్ళకి వెళ్ళింది. నోడ్ పీకేసినా ఆయన ప్రభావం మిగిలిన అంచుల్లో (నోడ్ల మధ్య లింకుల్లో) ఉండిపోతుంది. సరిగ్గా చెయ్యాలంటే టేబుల్ నుంచి తీసి, నార్మలైజేషన్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. ఆన్‌డేటా అనే పైథాన్ లైబ్రరీలో పేషెంట్లని సబ్‌సెట్ చేస్తే ఆబ్స్‌పీ అనే అరలో ఉన్న నెట్‌వర్క్ మ్యాట్రిక్సులు కూడా వాటంతట అవే అదే ఆర్డర్లో కత్తిరించబడతాయి, పేర్ల విషయంలో చాలా మంచి ఏర్పాటు. కానీ పొరుగువాళ్ళని మళ్ళీ వెతకదు, 15 మంది ఉండాల్సినచోట కొందరికి 12 మందే మిగులుతారు. ఐగ్రాఫ్ అనే నెట్‌వర్క్ లైబ్రరీలో ఇంకో తంటా, ఒక వెర్టెక్స్ (నోడ్) డిలీట్ చేస్తే తర్వాతవాళ్ళందరి నంబర్లూ జరుగుతాయి. నంబర్లతో లేబుళ్ళు దాచుకున్నవాళ్ళ పని అంతే. నెట్‌వర్క్‌ఎక్స్ అనే ఇంకో లైబ్రరీలో పేషెంట్ ఐడీనే నోడ్‌గా పెట్టొచ్చు, అక్కడ ఈ జరగడం లేదు.

ఆర్_రమణి
ఆర్‌లో అయితే మల్టీఅసేఎక్స్‌పెరిమెంట్ అనే ప్యాకేజీ వాడండి, బయోకండక్టర్‌లో (బయాలజీ ఆర్ ప్యాకేజీల భండారం) ఉంది. లోపల శాంపిల్ మ్యాప్ అని మూడు కాలమ్‌ల టేబుల్ ఉంటుంది: ఏ పరీక్ష, ఏ పేషెంట్, ఆ పరీక్ష ఫైల్లో ఆ శాంపిల్ పేరేంటి. ఒక పేషెంట్‌కి ఒకే పరీక్ష రెండుసార్లు జరిగినా అది దాచదు, కనిపించేలా ఉంచుతుంది. పేషెంట్ని తీసేస్తే అన్ని పరీక్షల్లోంచీ ఒకేసారి పోతాడు. ఇంటర్‌సెక్ట్ కాలమ్స్ కొడితే అన్ని పరీక్షలూ ఉన్నవాళ్ళే ఒకే ఆర్డర్లో మిగులుతారు.

విజయవాడ_వీణ
అలా ఇంటర్‌సెక్ట్ కొట్టుకుంటూ పోతే మిగిలేది ఎవరు? అన్ని పరీక్షలూ చేయించుకోగలిగినవాళ్ళు, డబ్బులున్నవాళ్ళు, ఊళ్ళో ఉన్నవాళ్ళు. ఆరోగ్యశ్రీలో వచ్చి ఒకసారి కనిపించి వెళ్ళిపోయే పల్లెటూరి పేషెంట్ ముందే పోతాడు. ఆర్డర్ కుదిరింది సరే, ఎవరు పోయారో కూడా ఒక టేబుల్ వెయ్యాలి.

టొరంటో_తెలుగోడు
@విజయవాడ_వీణ నూటికి నూరుపాళ్ళు. 2014లో ఎస్‌ఎన్‌ఎఫ్ పేపర్ వచ్చినప్పుడు గ్లయోబ్లాస్టోమాకి 215 మందితో చేశారు, మూడు రకాల డేటా ఉన్నవాళ్ళే అందులో ఉన్నారు. కొన్ని పరీక్షలు లేనివాళ్ళని కూడా ఉంచుకోవాలంటే నెమో అని 2019లో వచ్చిన పద్ధతి చూడండి, ఏ ఇద్దరికైనా ఉమ్మడిగా ఉన్న పరీక్షల మీదే పోలిక తీస్తుంది.

చిత్తూరు_చిన్నోడు
ఇంత జాగ్రత్త నిజంగా అవసరమా? ఒకట్రెండు వరుసలు అటూఇటూ అయితే క్లస్టర్లు మారిపోవు కదా. సీరియస్‌గానే అడుగుతున్నా.

గుంటూరు_గణితం
ఒకట్రెండు వరుసలు మారడం వేరు, ఒక్క వరుస జరగడం వేరు. పైన ఒక్కటి జరిగితే కిందున్నవాళ్ళందరూ పక్కవాడి జబ్బు మోస్తారు. డ్యూక్ యూనివర్సిటీ కథ చదవండి. జీన్ల ఎక్స్‌ప్రెషన్ చూసి ఎవరికి ఏ కీమో పనిచేస్తుందో చెప్తామని 2006లో నేచర్ మెడిసిన్‌లో పేపర్ వచ్చింది, దాన్ని నమ్మి పేషెంట్ల మీద క్లినికల్ ట్రయల్స్ కూడా మొదలుపెట్టారు. ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్లో కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అని ఇద్దరు కూర్చుని డేటా తిరగేస్తే జీన్ల లిస్టు ఒక వరుస కిందకి జరిగి ఉంది, కొన్ని చోట్ల మందుకి లొంగేవి లొంగనివి అన్న లేబుళ్ళు తారుమారుగా ఉన్నాయి. 2009లో వాళ్ళు అచ్చువేశారు. ట్రయల్స్ ఆగాయి, 2011లో ఆ పేపర్ వెనక్కి తీసుకున్నారు. అక్కడ తర్వాత ఇంకా పెద్ద తప్పులు తేలాయి, కానీ మొదట కనిపించింది ఒక్క వరుస జరగడమే. అవతల ఉన్నది కీమో ఎక్కించుకుంటున్న మనిషి.

చిత్తూరు_చిన్నోడు
సరే అన్నా, ఇక ఆ ప్రశ్న అడగను.

లీడ్స్_లలిత
అడగాలి, మంచి ప్రశ్న అది.

విశాఖ_విక్కీ
నాకో సందేహం. రికార్డు మారినప్పుడల్లా మళ్ళీ కడుతూ పోతే ప్రతివారం క్లస్టర్లు మారుతుంటాయి కదా, పేపర్ ఎప్పుడు రాస్తాం?

బయో_భారతి
ఒక తేదీన ఆపాలి. ఆ రోజు దాకా ఉన్న రికార్డులు, ఆ రోజు ఐడీల లిస్టు, ఆ రోజు నెట్‌వర్క్, ఒకే ఫోల్డర్లో పెట్టి ఇక ముట్టకూడదు. పేపర్ దాని మీదే. తర్వాత వచ్చే మార్పులన్నీ వచ్చే వెర్షన్‌కి.

లీడ్స్_లలిత
తప్పుకుంటామన్నవాళ్ళ విషయంలో మాత్రం ఆ మాట చెల్లదు భారతి గారూ. పేపర్ అచ్చయిపోతే అది వేరు, అచ్చుకి ముందే లిస్టు వస్తే వాళ్ళని తీసి మళ్ళీ కట్టాలి. తేదీ మన సౌకర్యం, వాళ్ళ ఇష్టం వాళ్ళ హక్కు.

బయో_భారతి
ఒప్పుకుంటున్నా.

వరంగల్_స్టాట్
ఇంకోటి మర్చిపోవద్దు, మళ్ళ కట్టినప్పుడు మూడో క్లస్టర్ మూడోదిగానే వస్తదని లేదు. స్పెక్ట్రల్ క్లస్టరింగ్ (నెట్‌వర్క్‌ని గుంపులుగ విడగొట్టే పద్ధతి) చివర కే-మీన్స్ అనే గుంపులు చేసే లెక్క ఉంటది, అది ఎక్కడ మొదలుపెడ్తే గట్ల నంబర్లు ఇస్తది. అవే మనుషులు, క్లస్టర్ నంబరు మాత్రం మూడు పోయి ఒకటి కావచ్చు. పాత లేబుల్ కొత్త లేబుల్ అడ్డం నిలువు టేబుల్ వేసి చూస్కోవాలె.

కాకినాడ_కోడర్
అప్‌డేట్. కోడు చూశాను, లాగ్ సీపీఎం, అన్ని జీన్లూ, మామూలు యూక్లిడియన్. గుంటూరు గారు చెప్పినట్టు ఇద్దరి మధ్య దూరం ఇద్దరిదే. రా కౌంట్స్ నుంచి మళ్ళీ దూరాలు కట్టాను, కానీ వరంగల్ అన్న పద్ధతిలో వరుసల పొడవు కలవలేదు, నా దగ్గర ఆర్‌ఎన్‌ఏ ఉన్నది 414 మందికి. అందుకని పాత వరుసలో ఉన్న ప్రతి విలువా కొత్త వరుసలో ఉందా అని చూశాను, కుదిరింది. 410 వరుసలు ఒక్కొక్కరికి కచ్చితంగా తేలాయి. ఆర్డర్ ఎక్సెల్‌ది కాదు! ట్యూబ్ మీద ఉన్న శాంపిల్ కోడు టెక్స్ట్‌గా సార్ట్ అయింది, కే1, కే10, కే100, కే101 అలా, కే2 ఎక్కడో మధ్యలో ఉంది. ఏడుగురిలో ఐదుగురికి ఆర్‌ఎన్‌ఏ లేదు, ఇద్దరివి క్వాలిటీ చాలక వదిలేశారు. అంటే ఎక్సెల్ ఆర్డర్ అనుకుని గీసిన ఆ సర్వైవల్ కర్వ్ దేనికీ పనికిరాదు. మీటింగ్ వాయిదా వేయించాను, డాక్టర్ గారు మంచిపని చేశావన్నారు.

మిగతా రెండు వరుసలు మాత్రం ఒకదానికొకటి అచ్చు. వాటి మధ్య దూరం సున్నా. యూహెచ్‌ఐడీలు వేరు, పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి, ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక, వయసు ఒక ఏడాది తేడా. మాధవి గారు చెప్పిన కేసే అనుకుంటా, ఇద్దర్నీ ఒకరిగా కలిపేయనా?

టొరంటో_తెలుగోడు
ఆగు ఆగు. దూరం చాలా తక్కువ అంటే ఒకే మనిషి అనుకోవచ్చు. కచ్చితంగా సున్నా అంటే ఒకే ట్యూబ్‌ని రెండుసార్లు సీక్వెన్స్ చేసినా రాదు, కౌంట్స్‌లో ఎంతోకొంత తేడా వస్తుంది. సున్నా అంటే ఒకే ఫైలు రెండు పేర్లతో కాపీ అయింది. అది ఒకే మనిషి కావచ్చు, ఇద్దరు వేరు మనుషులై ఒకరి ఫైలు ఇంకొకరి పేరు మీద కూడా పడి ఉండొచ్చు. ఆర్‌ఎన్‌ఏ చూసి ఇది తేలదు.

నెల్లూరు_నెట్
ఇద్దరి జెండర్ ఏం రాసుంది? ఎక్స్‌ఐఎస్‌టీ వేసి చూడు.

కాకినాడ_కోడర్
ఇద్దరూ ఆడవాళ్ళే అని ఉంది, ఎక్స్‌ఐఎస్‌టీ కూడా అదే చెప్తోంది. తేలలేదు.

ఎంఆర్‌డీ_మాధవి
ఆ ఆసుపత్రి రికార్డ్స్ వాళ్ళకి రెండు నంబర్లూ రాసి పంపండి బాబూ, మీ ప్రాజెక్టు డాక్టర్ గారి సంతకంతో. రెండు కేస్ షీట్లూ తీయిస్తారు, బయాప్సీ తేదీ, పాథాలజీ నంబర్ చూస్తారు. ఒకే మనిషైతే వాళ్ళ సిస్టమ్‌లోనే ఒకదానిలోకి ఇంకోదాన్ని కలుపుతారు, పాత నంబర్ దేనిలో కలిసిందో కూడా రాసిస్తారు, ఆ కాగితం దాచుకోండి. అక్కాచెల్లెళ్ళు కూడా అయ్యుండొచ్చు, కిడ్నీ జబ్బు ఇళ్ళల్లో ఉంటుంది కదా.

కాకినాడ_కోడర్
పంపానండీ. వాళ్ళు తేల్చేదాకా ఆ ఇద్దర్నీ పక్కన పెట్టి 410 మందితో కడుతున్నా, ఐడీల లిస్టు మ్యాట్రిక్సుతోపాటే సేవ్ అవుతోంది, రెండూ కలవకపోతే కోడు అక్కడే ఆగిపోయేలా పెట్టాను. లలిత గారూ, యూరిన్ అల్బుమిన్ మీరన్నట్టే ఉంది, రెండో ఆసుపత్రిది లీటరు లెక్క. పాత మూడో క్లస్టర్లో సరైన ఆర్డర్ పెట్టి చూస్తే ఎక్కువమంది ఆ ఆసుపత్రి వాళ్ళే.

లీడ్స్_లలిత
అదే రోజు యూరిన్ క్రియాటినిన్ కూడా కొలిచారేమో అడుగు, ఉంటే భాగించి రెండిటినీ ఒకే లెక్కలోకి తేవచ్చు. లేకపోతే ఆ కాలమ్ వదిలేసి కట్టు.

కాకినాడ_కోడర్
ఎక్కువమందికి ఉందట, రేపు ఫైలు పంపుతామన్నారు.